నా కారు కంపు

ఛీ! ఆ కారు తలుపు తీస్తే ఇప్పటికీ ముక్కు మూసుకోవాలనిపిస్తుంది. తడిసి ఆరని గోనెసంచి, మురిగిన గంజి కలిస్తే ఎలా ఉంటుందో అలాంటి కంపు. అమెరికాలో మేముండే క్యారీ ఊళ్లో వాన పడితే చాలు, మర్నాడు ముందుసీటు దగ్గర కార్పెట్ నొక్కగానే నల్లటి నీళ్లు బుడబుడమని పైకి వచ్చేవి.

అయినా దాన్ని వదులుకోలేను. డిపెండెంట్ వీసా మీద వచ్చి, వర్క్ పర్మిట్ కోసం ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చుని, చివరికి దొరికిన ఉద్యోగంలో నా జీతంతో కొనుక్కున్న పాత కారు అది. అంతకుముందు ఉప్పు ప్యాకెట్ కావాలన్నా మావారి వీలు చూసుకోవాల్సిందే.

మావారు ఇంజనీరు. మెకానిక్‌కి చూపిద్దామంటే వింటేగా!

"విండ్‌షీల్డ్ చుట్టూ రబ్బరు పోయింది, అంతే. దానికి మెకానిక్ ఎందుకు? నేను వీడియో చూశాను," అన్నారు.

సిలికాన్ జిగురు ట్యూబు తెచ్చి ముందు అద్దం అంచంతా పూశారు. వాన పడింది, నీళ్లు వచ్చాయి. దాని మీదే మళ్లీ పూశారు. అద్దం చుట్టూ చీమిడి కారి ఎండినట్టు గడ్డలు కట్టింది, చూస్తేనే అసహ్యం. నీళ్లు మాత్రం ఆగలేదు.

"ఇంక లాభం లేదు, జంక్ వాళ్లకి తుక్కు కింద ఇచ్చేద్దాం. నేను డ్రాప్ చేస్తాను కదా, నీకేంటి ప్రాబ్లమ్?"

ఒళ్లు మండిపోయింది. డ్రాప్ చేస్తారట! మళ్లీ హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని ఆయన కోసం గుమ్మంలో నిలబడే బతుకా?

శనివారం పొద్దున్నే నేనే పైపు తీసుకుని అద్దం మీద నీళ్లు కొట్టాను. లోపల తల దూర్చి చూస్తే అద్దం అంచు పొడిగానే ఉంది, నీళ్లు డాష్‌బోర్డు కింది నుంచి కారుతున్నాయి. వైపర్ల కింద జల్లెడలా ఉండే నల్ల ప్లాస్టిక్ మూత ఊడదీశాను. దాని అడుగున వాననీళ్లు బయటికి పోయే కంత ఉండాలి. అది కనబడితేగా! కుళ్లిన బంతిపూలు, ముద్దకట్టిన అక్షింతలు, పసుపు కుంకుమల బురద, అందులో లుకలుకలాడుతున్న పురుగులు. ఏటా దసరాకి మావారు వాహనపూజ చేసి అద్దం మీద చల్లినవన్నీ ఆ జల్లెడలోంచి జారి కంతని మూసేశాయి. పోయే దారి లేక నీళ్లు కారు లోపలికి పొర్లుతున్నాయి. రామ రామ, భక్తి కూడా ఇంత కంపు కొడుతుందా!

పళ్లు బిగబట్టి వేళ్లతో తోడాను. నీళ్లు గడగడమని దిగి డ్రైవ్‌వే మీద పారాయి. ఆ ముద్దని చెత్తడబ్బా వైపు తీసుకెళ్తుంటే, కాఫీ కప్పుతో ఆయన గరాజ్‌లోంచి పరుగున వచ్చారు.

"ఆగాగు! పూజ చేసినవి ట్రాష్‌లో వేస్తావా? ఎవరూ తొక్కని చోట వెయ్యాలి."

"అలాగా? ఆ చోటేదో మీరే చూడండి," అని పురుగులతో సహా ఆయన ఖాళీ చేతిలో పెట్టేశాను.

చేతులు కడుక్కుని, కిటికీలన్నీ దించి, కారు స్టార్ట్ చేశాను. ఎక్కడికని అడిగారు. రివర్స్ గేరు వేసి రోడ్డెక్కాను.