చాయ్ తాగని పెద్దమనిషి

ఆ రోజుల్లో తాండూరులోని మా గల్లీలో ఏ తగువొచ్చినా పోలీసుల దాకా పోయేది కాదు, మా నాన్న దగ్గరే ఆగిపోయేది. నాపరాళ్ల పాలిష్ మిషన్ మీద పని చేసి ఒళ్లంతా తెల్లటి పొడితో ఇంటికొచ్చే ఆయన, స్నానం చేసి కుర్చీలో కూర్చోగానే పెద్దమనిషి అయిపోయేవాడు. ఆయనకొక నియమం ఉండేది. "ఎవలింట్ల చాయ్ తాగినమో వాళ్ల పంచాయితికి కూసోవద్దు. తాగిన చాయే తీర్పు చెప్తది" అనేవాడు. గల్లీ అంతా తలూపేది. నేనూ గర్వపడేదాన్ని.

ఇంటర్ అయ్యాక నాకు వికారాబాద్‌లో డిగ్రీ సీటొచ్చింది. రోజూ రైల్లో పోయి రావాలి. "రైలు లేటయితె చీకటయితది బిడ్డా, నా పాణం ఆగదు" అని నాన్న అడ్డం పడ్డాడు. నేను అన్నం మానేశాను (అమ్మ చాటుగా పెట్టిన రొట్టెలు లెక్కలోకి రావు). చివరికి, "తగువు నీకు నాకే అయితె నువ్వే తీర్పెట్ల చెప్తవ్ నాయినా? పంచాయితి పెట్టు" అన్నాను. ఆయన నవ్వి ఒప్పుకున్నాడు. తీరా చూస్తే కూర్చోవడానికి తగినవాళ్లే దొరకలేదు. కిరాణా కొట్టు మామ, మిషన్ మేస్త్రీ, టైలర్ చాచా, అందరూ మా ఇంట్లో చాయ్ తాగినవాళ్లే. అమ్మ పోస్ట్‌మన్‌ను కూడా వదిలేది కాదు మరి.

మిగిలింది పక్కింటి ఖాలా ఒక్కతే. మా స్నానాల నీళ్లు వాళ్ల వాకిట్లోకి పోతున్నాయని ఏళ్లుగా మాతో మాటల్లేవు. "ఆమెకు మనమంటేనే పడది" అని అమ్మ గొణిగింది. "నాయినన్నా పడది, నేనన్నా పడది. గంతకన్న ఏం గావాలె?" అన్నాను. తన నియమాన్ని తానే కాదనలేక నాన్న స్వయంగా వెళ్లి పిలుచుకొచ్చాడు.

ఖాలా ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుని ఇద్దరి మాటలూ విన్నది. ఆమె కాదంటే నా చదువు అక్కడితో సరి. "పోరి తెల్లారంగనే తానం జేసి రైలుకు పోతది. ఆ నీళ్లు మల్ల నా వాకిట్లకే వస్తయి" అంది నాన్నతో. "ముందు మోరీ కట్టు. ఎనక పిల్లను పంపు. సదువుకుంటనంటే ఆపుడు మంచిగ గాదు."

నాన్న ఆ ఆదివారమే మిల్లు నుంచి విరిగిన రాళ్లు తెచ్చి, నీళ్లు వీధి వైపు పోయేలా మోరీ కట్టాడు. అమ్మ చాయ్ తెచ్చి గోడ మీదుగా అందించింది. ఖాలా ఆ గ్లాసును కాసేపు చూసి, తీసుకుని తాగింది. మర్నాడు నేను రైలెక్కాను. ఆ తర్వాత ఖాలా మా ఇంట్లో చాయ్ తాగని రోజు లేదు.

ఇప్పుడు మా అమ్మాయి చదువుకు బెంగుళూరు పోతానంటే వద్దంటున్నది ఎవరనుకున్నారు? (నేనే.) "అయితే పంచాయితి పెట్టు మమ్మీ" అంది అది, నా కథ నాకే అప్పజెప్పి. ఖాలాకు ఫోన్ చేశాను.

"నేను పనికిరాను బిడ్డా" అంది ముసలి గొంతుతో. "మీ ఇంట్ల మస్తు చాయ్ తాగిన. నీది తప్పయినా నీ దిక్కే మాట్లాడ్త."

"అంటే నాది తప్పేనా ఖాలా?"

అటువైపు నుంచి నవ్వొక్కటే వినిపించింది. నాన్న ఉంటే ఆయనా నవ్వేవాడు. నేను ఫోన్ పెట్టేసి, అటక మీది సూట్‌కేసు దించి దుమ్ము దులపడం మొదలుపెట్టాను.