మంచు పెళ్లిలో ఒక్క మాట

ఖాదిం నోరు ఊరికే ఉండదు. షిగర్ లోయలో రాతిగోడ కట్టాలంటే అతన్నే పిలుస్తారు, అంత చెయ్యి తిరిగినవాడు. కాకపోతే సాయంత్రానికి ఆ ఇంటివాళ్ల చెవులు చిల్లులు పడతాయి. అలాంటివాణ్ణి ఊరిపెద్ద మూసా తాత మంచు బుట్ట మోయడానికి రమ్మన్నాడంటే, అది మోయగల నడుము ఊళ్లో మరొకటి లేదు మరి.

ఊరి పైన కొండ మీది మంచు ఏటేటా కరిగి వెనక్కి పోతోంది. జూన్ వచ్చినా కాలవలో నీళ్లు చీలమండ దాటవు. ఖుబానీ పళ్ల చెట్లు కొమ్మకొమ్మగా ఎండుతున్నాయి. అందుకే తాతల నాటి పని మళ్లీ తలకెత్తుకున్నారు. ఒక లోయలోని నల్లటి మగ మంచు, ఇంకో లోయలోని తెల్లటి ఆడ మంచు తెచ్చి, ఎండ తగలని కొండగుంటలో కలిపి పూడ్చాలి, అదే మంచు పెళ్లి. బతికితే పన్నెండేళ్లకు అదే పెరిగి ఊరికి నీళ్లిస్తుంది. దారిలో బుట్ట నేల తాకకూడదు, విశ్రాంతికి ఆగితే కొమ్మకు వేలాడదీయాలి. ఎవరూ నోరు మెదపకూడదు.

"మాట జారిందా, మంచు చచ్చినట్టే. నీకే చెబుతున్నానురా," అన్నాడు మూసా తాత.

"నా నోరు కుట్టేయండి తాతా, సూది నేనే తెస్తా," అన్నాడు ఖాదిం.

రెండు రోజులు ఎలాగో బిగబట్టాడు. మూడో రోజు ఆఖరి మలుపులో, ముందు నడుస్తున్న రజబ్ అడుగు వేయబోయిన రాతిపలక కదలడం చూశాడు. రజబ్ అతని అక్క మొగుడు. పక్కనే లోయ.

"బావా, కాలు," అనేశాడు.

రజబ్ కాలు వెనక్కి తీశాడు. పలక దొర్లిపోయింది. గాలి హోరులో మిగతావాళ్లెవరికీ మాట వినబడలేదు.

అక్కణ్ణించి ఖాదింకి ఒళ్లంతా ముళ్లే. చెబితే మంచు మొత్తం పారబొయ్యాలి, మళ్లీ ఏడాది దాకా అదను లేదు. చెప్పకపోతే ఊరంతా పన్నెండేళ్లు రాని నీళ్ల కోసం చూస్తుంది. ఛీ, వెధవ నోరు. బావ బతికినందుకు సంతోషించాలో, ఏడవాలో కూడా తెలియలేదు.

గుంట దగ్గర మూసా తాత మొదటి బుట్ట అందుకోబోయాడు.

"ఆగండి తాతా. మలుపులో నేను మాట్లాడాను."

"ఏమన్నావు?"

"‘బావా, కాలు’ అన్నాను. లేకపోతే పడిపోయేవాడు."

తాత రజబ్ వైపు చూశాడు. రజబ్ తల ఊపాడు. తాత బుట్టలోని మంచును ఓసారి అరచేత్తో తడిమాడు.

"పారబొయ్యండి," అన్నాడు.

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండును అనిపించింది ఖాదింకి. దిగే దారిలో ఒకచోట నిలవలేక, అందరికంటే ముందుకు పోతూ, మళ్లీ ఆగి వెనక్కి వస్తూ నడిచాడు.

ఊరు దగ్గర పడ్డాక రజబ్ అతన్ని కలుసుకున్నాడు.

"వచ్చే ఏడు నువ్వు ముందు నడువు ఖాదిం. నేను వెనక ఉంటా."

"ఎందుకు?"

"నీ కాలు జారితే నేను మాట్లాడను."

ఖాదిం నవ్వబోయాడు. రజబ్ కళ్లలో నీళ్లున్నాయి.

"మాట్లాడకు బావా, మంచు బతకాలి," అన్నాడు ఖాదిం.