టైరు లోపలి అంచు

మా బొగ్గు గని మూతపడ్డాక నన్నూ మా బావనూ ఒకే రోజున గోలేటి వైపు బదిలీ చేశారు. బావ అంటే మా అక్క భర్త. గనిలో పైకప్పు కూలకుండా ఆసరాలు బిగించే పని ఆయనది. నేను ఎలక్ట్రీషియన్ని. పిల్లల బడులూ అక్క బట్టలు కుట్టే దుకాణమూ గోదావరిఖనిలోనే ఉన్నాయి కాబట్టి ఎవరమూ ఇల్లు మార్చలేదు. పొద్దున్నే బయలుదేరి, గోదావరి వంతెన దాటి, మంచిర్యాల మీదుగా గోలేటి పోవడం, మొదటి షిఫ్టు చేసి మళ్లీ అదే దారిన రావడం. పోనూ రానూ నూరు కిలోమీటర్లు దాటేది.

ఆ ప్రయాణం కోసమే కారు కొన్నానని అందరికీ చెప్పాను. అది సగమే నిజం. రోజూ తిరగడానికి ఏ కారైనా సరిపోయేది. నేను మాత్రం కరీంనగర్‌లో ఒకాయన వాడిన టర్బో కారును ఏరి తెచ్చుకున్నాను. చూడటానికి చిన్నదే. నేలకు దగ్గరగా, గట్టి స్ప్రింగుల మీద కూర్చున్నట్టు ఉండేది. మూడో గేరులో కాలు అదిమితే వీపు సీటుకు అతుక్కునేది. పదిహేనేళ్లుగా రోజూ ఎనిమిది గంటలు నేల కింద చీకట్లో ఆచితూచి అడుగులు వేసినవాడికి, పైకి వచ్చాక ఆ పరుగు ఎంత తీపిగా ఉండేదో చెప్పలేను.

బావ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఎడమ పక్క సీట్లో టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, పైనున్న పిడి పట్టుకుని కూర్చునేవాడు. ఊళ్లలోంచి పోతుంటే "మెల్లగ, మెల్లగ" అనేవాడు. బెల్లంపల్లి దాటాక తిన్నటి రోడ్డు ఖాళీగా కనబడితే మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ, నాకు కాకుండా ఎవరికో చెప్పినట్టు, "జరంత కొట్టు" అనేవాడు. నేను కొట్టేవాణ్ని. ఆయన మీసాల్లో నవ్వుకునేవాడు. ఆ నవ్వు కోసం కూడా నేను వేగం పెంచేవాణ్ని.

కారుతో వచ్చిన టైర్లు ఏడాదికే అరిగిపోయాయి. కొత్తవి కొనాలి. ఫోనులో వీడియోలు చూసి చూసి నాకేం కావాలో ముందే తేల్చుకున్నాను. అసలు కొలత కన్నా వెడల్పు టైర్లు, పక్క గోడ పలుచగా ఉండేవి, మెత్తటి రబ్బరువి. వాటికోసం పెద్ద చక్రాలు కూడా మార్చాలి. మంచిర్యాల దారిలో నేను పోయే టైర్ల దుకాణం ఒక ముసలాయనది. అందరూ చాచా అంటారు. మోకాళ్ల నొప్పితో స్టూలు మీద కూర్చునే పని చేయించేవాడు. నేను ఫోనులో బొమ్మ చూపిస్తే చాలాసేపు చూశాడు.

"సూపుకు, దిఖావాకైతే మస్తుగుంటయ్ బేటా," అన్నాడు. "మెత్త రబ్బరు పట్టు మంచిగ పడ్తది. గానీ మన ఎండలకు జల్ది అరుగుతది. పక్క గోడ గింత పలుచగుంటే గుంతల పడ్డప్పుడు దెబ్బంత లోపలి సామాన్లకే తగుల్తది. నీ కారుకు కంపెనీ ఇచ్చిన కొలతే వేస్కో."

"నేను చూసుకుంట చాచా. జాగ్రత్తగనే నడుపుత," అన్నాను.

"నడుపుడు కాదు, చూసుడు. నెలకొక్కపారి రా. చక్రం వంకర పోతే టైరు లోపలి దిక్కే అరుగుతది. అలైన్‌మెంటు చూపించుకో. టైరును మీదికెల్లి చూస్తే ఏం తెల్వది, వంగి లోపలి దిక్కు చూడాలె."

సరేనన్నాను. మొదటి నెల పోయాను. రెండో నెల కూడా పోయాను. తరువాత మానేశాను.

చలికాలం చివర్లో, టిప్పర్లు తిరిగి తిరిగి పాడైన చోట, ఎడమ ముందు చక్రం ఒక గుంతలో పడింది. పళ్లు జివ్వుమనేంత చప్పుడైంది. దిగి చూశాను. చక్రానికి చిన్న సొట్ట. టైరు బాగానే ఉంది. ఆ మరునాటి నుంచి స్టీరింగు వదిలితే కారు కొద్దిగా ఎడమకు లాగేది. బావ కూడా గమనించాడు.

"గిదేంది, పక్కకు గుంజుతంది?" అన్నాడు.

"ఆదివారం చూపిస్త బావ."

ఆదివారాలు వచ్చాయి, పోయాయి. ఒకసారి పెళ్లి, ఒకసారి ఓవర్‌టైము, ఒకసారి ఏమీ లేదు, ఊరికే పడుకున్నాను. ప్రతి పొద్దునా టైర్లను చూసేవాణ్ని. చూశాననే అనుకునేవాణ్ని. నిలబడి చూస్తే బయటి అంచు, రబ్బరు మీది గాళ్లు అన్నీ లోతుగా, కొత్తవాటిలాగే ఉండేవి. మోకాలు వంచి లోపలికి చెయ్యి పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? నేను ఆ పని చేయలేదు.

తొలకరి వాన పడిన రోజు మధ్యాహ్నం షిఫ్టు దిగి వస్తున్నాం. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న బొగ్గు పొడి ఆ వానకు నల్లటి జారుడు బురద అయింది. నేను వేగంగా పోవడం లేదు. ఈ మాట తరువాత పోలీసులకూ చెప్పాను, అక్కకూ చెప్పాను, అది నిజమే. ఒక మలుపు దగ్గర స్టీరింగు కుడికి తిప్పాను. కారు తిరగలేదు. చక్రాలు తిరిగాయి, కారు మాత్రం తిన్నగానే పోయింది. బ్రేకు తొక్కాను. చేతుల్లో స్టీరింగు దూదిలా తేలికైంది. బావ "ఏ, ఏ" అన్నాడు. అంతే. కల్వర్టు గోడ ఎడమ పక్క నుంచి లోపలికి వచ్చింది.

నాకు నుదుటి మీద గాటు పడింది. బావ ఎడమ కాలు మోకాలి దగ్గరా కింద ఎముక దగ్గరా విరిగింది. ఆయన అరవలేదు. నా వైపు చూసి "నీకేం కాలేగదా?" అని అడిగాడు. వెనక వస్తున్న టిప్పరు డ్రైవరూ ఇంకో ఇద్దరూ తలుపు పెకలించి ఆయన్ను బయటికి తీశారు. మంచిర్యాల దవాఖానలో కాలికి రాడ్డు వేశారు. అక్క ఆటోలో వచ్చింది, భుజం మీద కొలత టేపు అలాగే ఉంది. నా నుదుటి కట్టు చూసి, "తిన్నవా?" అంది.

చూడటానికి వచ్చిన ప్రతివాడూ వానను తిట్టాడు, బొగ్గు బురదను తిట్టాడు. బావ కూడా మంచం మీంచి, "వాన పడ్తే ఎవడేం జేస్తడు?" అనేవాడు. నేను తల ఊపేవాణ్ని.

నాలుగో రోజున కారులో ఉండిపోయిన కాగితాల కోసం దాన్ని పెట్టిన షెడ్డుకు పోయాను. ముందు చక్రాలు ఆ మలుపులో నేను తిప్పినట్టే కుడికి తిరిగి ఉన్నాయి. అందువల్ల ఎడమ టైరు లోపలి అంచు, నేను ఏనాడూ చూడనిది, వెనక నుంచి వచ్చేవాడికి ఎదురుగా కనబడుతోంది. అరచేయంత వెడల్పున నున్నగా అరిగిపోయింది. ఒకచోట రబ్బరు పూర్తిగా పోయి ఇనుప తీగలు బయటికి వచ్చి తుప్పు పట్టాయి. తుప్పు పట్టాయంటే అవి బయటపడి చాలా రోజులైంది. కుడి టైరు కూడా దాదాపు అంతే. బయటి సగం మాత్రం కొత్తది.

అక్కడే కింద కూర్చుండిపోయాను. షెడ్డు మనిషి నీళ్లు ఇచ్చాడు. బురద ఒక్కదానిదే తప్పు అనుకోవడానికి ఇక వీలు లేదు. ఆ బురద మీద అందరి కార్లూ పోయాయి.

అయినా ఎవరికీ చెప్పలేదు. దాదాపు నాలుగు నెలలు దాచాను. రోజూ సాయంత్రం బావ దగ్గరికి పోయేవాణ్ని. ఆయన్ను గోడ పట్టించి నడిపించేవాణ్ని, మందులు తెచ్చేవాణ్ని. వైద్య పరీక్షలో ఆయన ఇక గని లోపలికి దిగడానికి పనికిరాడని తేల్చి, పైన కార్మికులకు టోపీ దీపాలు ఇచ్చే గదిలో పని రాశారు. ఆ కాగితం నేనే చదివి వినిపించాను. బావ మడిచి జేబులో పెట్టుకుని, "ఇగ దీపాలిచ్చుకుంట కూసోవాలె," అన్నాడు. ఆయన గొంతులో ఆ రోజు విన్నది మోయలేకపోయాను.

మరునాడు ఆయన క్వార్టరు వరండాలో కాలు స్టూలు మీద పెట్టుకుని ఒక్కడే కూర్చుని ఉన్నప్పుడు చెప్పేశాను. గుంత, లాగడం, వాయిదా వేసిన ఆదివారాలు, తుప్పు పట్టిన తీగలు, అన్నీ. అయ్యాక ఆయన రెండు చేతులతో కాలు పట్టి స్టూలు మీంచి కిందికి దించాడు.

"ఇరవై రెండేండ్లు చేసిన లోపల," అన్నాడు. "ఒక్కనాడు పైకప్పు గట్టిగున్నదా అని రాడుతోని కొట్టి సప్పుడు ఇనకుంట ముందల అడుగు వెయ్యలే. నా ఎనుక వచ్చేటోళ్లు నన్ను నమ్మి వస్తరు. గందుకు." నా వైపు తిరిగాడు. "నేను నీ పక్కన నిన్ను నమ్మి కూసున్న. నువ్వు వంగి చూడలేదార?"

"లేదు బావ," అన్నాను.

"పో. ఇయ్యాల పో," అన్నాడు.

ఆ తరువాత రెండు నెలలు ఆయన నాతో మాట్లాడలేదు. నేను పోతే లోపలి గదిలోకి వెళ్లేవాడు. డ్యూటీలో చేరాక బస్సులో పోయి వచ్చేవాడు, చేతికర్రతో. నేనూ బస్సులోనే పోయేవాణ్ని, వెనక సీట్లో. ఆయన ముందు కూర్చునేవాడు. ఒకే బస్సు, ఒకే గని, దిగేటప్పుడు కండక్టరు ఆయనకు చెయ్యి ఇచ్చేవాడు.

కారు తాత్కాలికంగా వేసిన పాత టైర్లతో బాగై వచ్చింది కానీ నేను దాన్ని ముట్టుకోలేదు. అమ్మేస్తానని అక్కతో అన్నాను. ఆమె కుడుతున్న జాకెట్టు మీంచి తల ఎత్తలేదు.

"అమ్మితే మా ఆయన కాలు వస్తదా తమ్మీ? నీకు కండ్ల ముంగట అది లేకుంటే చాలు, గంతేగదా. ఇంకోటి కొంటవు. గప్పుడన్న వంగి చూస్తవా?"

ఆ మాటతోనే అమ్మడం మానుకున్నాను. కొత్త టైర్లకు చాచా దుకాణానికి పోదామని అక్కతో చెప్పి ఒక ఆదివారం కారు బయటికి తీశాను. మా వీధి మలుపులో బావ చేతికర్ర ఆనించి నిలబడి ఉన్నాడు. ఎడమ పక్క ముందు తలుపు తెరవబోయి ఆగి, వెనక తలుపు తీసుకుని కూర్చున్నాడు.

"టైర్లు ఏస్తున్నవట. మీ అక్క చెప్పింది. నేను గుడ చూస్త," అన్నాడు. దారంతా నేను నలభై కిలోమీటర్ల వేగం దాటలేదు.

చాచా బావ కాలు చూశాడు, నన్ను చూశాడు. లోపలి నుంచి మూడు రకాలు తెప్పించాడు. బావ స్టూలు మీద కూర్చుని ఒక్కొక్కదాన్నే ఒళ్లోకి తీసుకుని బొటనవేలితో నొక్కుతూ అడిగాడు. ఇది మెత్తగుంది, ఎందుకు? ఇది గట్టిగుంది, ఎన్ని రోజులు వస్తది? వానల ఏది ఆగుతది?

"గట్టిది మస్తు రోజులొస్తది, గానీ తడి రోడ్డు మీద జారుతది," అన్నాడు చాచా. "మరీ మెత్తది ఎండకాలం ఎల్లేసరికి ఖతం. ఈ నడిమిది చూడు. గాళ్లు వెడల్పు, నీళ్లు జల్ది బయటికి కొడ్తది. కారు మలుపుల ఒరుగదు గుడ. ఉరికే కారుకు ఉరికే టైరే గావాలె, కాదంటలేను. కాకుంటే ఉరికేటందుకు కాదు, ఆగేటందుకు చూసి కొనాలె."

బావ పక్క గోడ మీది నాలుగంకెలు ఏమిటని అడిగాడు. మొదటి రెండూ తయారైన వారం, తరువాతి రెండూ సంవత్సరం అని చాచా చెప్పాడు. నాలుగు టైర్లవీ బావ తనే చదివాడు. ఒకటి మిగతావాటి కన్నా రెండేళ్లు పాతది. దాన్ని పక్కన పెట్టించి ఇంకోటి తెప్పించాడు. చక్రాలు పాత కొలతకే మార్చాం. కారు అందం కొంచెం తగ్గింది.

అలైన్‌మెంటు అయ్యేదాకా ఇద్దరం బయట నిలబడ్డాం. టీ వచ్చింది. గ్లాసు అందుకుంటూ ఆయన నా ముఖం వైపు చూడకుండానే అన్నాడు: "మాఫ్ చేసిన అని నేను చెప్పలేను. ఇంకా కోపం కడుపుల ఉన్నది. గానీ నువ్వు చెప్పకుంటే నాకు తెల్వకపోవు. చెప్పినవు. అది గుడ యాదికున్నది."

నేను గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. ఆయన ఆపమనలేదు.

ఇప్పుడు నేను డ్యూటీకి కారులో పోతున్నాను. బావకు బస్సే అలవాటైంది. పెద్దపల్లిలో ఏదైనా ఆఫీసు పని పడితే మాత్రం ముందు రోజు ఫోను చేసి, "పొద్దుగాల రా," అంటాడు. వెనక సీట్లోనే కూర్చుంటాడు. బండి తీసే ముందు నేను చక్రాన్ని పూర్తిగా తిప్పి, దిగి, మోకాలు నేలకు ఆనించి లోపలి అంచును చేత్తో తడుముతాను. ఆయన కిటికీలోంచి చూస్తూ ఉంటాడు. బెల్లంపల్లి దాటాక తిన్నటి రోడ్డు ఈ మధ్య బాగు చేశారు. ఒంటరిగా పోతున్నప్పుడు ఒక్కోసారి కాలు అదమాలని ఇప్పటికీ అనిపిస్తుంది. ఎండ రోజైతే, రోడ్డు ఖాళీగా ఉంటే, కొంచెం అదుముతాను కూడా. ఆ తీపి పోలేదు, పోయిందని చెబితే అబద్ధం.

అక్క మాత్రం ఇంతవరకూ ఆ కారు ఎక్కలేదు. నేను రమ్మని అడగలేదు.