ఉక్కపోత అని రాసిన సార్

సోమవారం పొద్దున గద్వాల నుంచి మా సార్ వాళ్ల అబ్బాయి ఫోన్ చేశాడు. "కర్నూలు దవాఖానల నాయిన పోయిండు అక్కా. మీ కాలేజోళ్లకు జర చెప్పు," అన్నాడు. స్టాఫ్ గ్రూపులో పెట్టాను. గంట తిరక్కుండా అందరూ దండం బొమ్మలు పెట్టారు. ఏడాదిగా ఆయన్ను పలకరించని వాళ్లూ పెట్టారు. నాకు ఒళ్లు మండింది. తర్వాత నేనూ ఒకటి పెట్టాను.

వనపర్తిలో మా పీజీ సెంటర్లో సార్ మొదట నాకు పాఠం చెప్పిన గురువు, తర్వాత పక్క కుర్చీలో సహోద్యోగి. ఇద్దరం కాంట్రాక్టే. మళ్లీ ఉంచుతారో లేదోనని ప్రతి వేసవీ బిక్కుబిక్కుమంటూ ఎదురుచూసేవాళ్లం. స్టాఫ్ రూంలో పర్మనెంటు వాళ్లు కిటికీ వైపు, మేము తలుపు వైపు. ఎవరూ గీత గీయలేదు, ఎవరూ దాటరు. సార్ మాత్రం డబ్బా పట్టుకుని అటు వెళ్లి, జొన్నరొట్టె తుంచి అందరి ముందూ పెట్టేవారు. కొందరు తీసుకునేవారు. కొందరికి సరిగ్గా అప్పుడే ఫోన్ వచ్చేది.

ఆయనది మగ్గాల ఇల్లు. మీటింగులో మాటామాటా పెరిగి ఎవరి దారిన వాళ్లు లేచిపోతే, "పోగు తెగితే మగ్గం ఆపి ముడెయ్యాలె బిడ్డా. తెల్వనట్టు నేసుకుంట పోతే చీరంత చెడుతది," అనేవారు. మా దగ్గర ఆపేవాళ్లు లేరు.

రెండేళ్ల కిందట పైనుంచి ఒక ఫారం వచ్చింది. 'మీ విభాగంలో వాతావరణం ఎలా ఉంది?' అని ప్రశ్న. పేరు రాయనక్కర్లేదు. అందరం 'బాగుంది' పక్కన టిక్కు పెట్టాం. సార్ అన్నీ కొట్టేసి, తన గుండ్రటి అక్షరాలతో 'ఉక్కపోత' అని ఒక్క మాట రాశారు.

"నువ్వేం రాసినవ్ బిడ్డా?" అని అడిగారు.

"మీరు రాసిందే సార్," అన్నాను. నా ఫారం అప్పటికే మడిచేశాను.

పది రోజులకు అటెండరు ఒక స్టాండు ఫ్యాను మోసుకొచ్చాడు. "ఎవరో ఉక్కపోస్తున్నదని రాసిండ్రంట," అన్నాడు. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. సార్ ఆ ఫ్యానును కాసేపు చూసి, "పోనీ, ఒక్కరన్న చదివిండ్రు," అన్నారు.

ఆ రాత ఎవరిదో మా హెడ్డుకు తెలుసు. కొత్త టైంటేబుల్లో సార్ ప్రాణంగా చెప్పే సంస్థానాల చరిత్ర పేపరు ఆయన పేరు మీద లేదు. నా పేరు మీద ఉంది. నేను వద్దనలేదు. ముఖం చెల్లక ఆయన ముందు నిలబడితే, నోట్సు కట్ట తెచ్చి నా చేతిలో పెట్టారు.

"పరేషాన్ గాకు. పిల్లలకు మంచిగ చెప్పు. నీ రాత గుర్తువట్టలే, గదే మంచిదాయె," అన్నారు.

ఆయన నన్ను నమ్మారు. చివరి దాకా నమ్మారు. నిజం చెప్పడానికి నాకు రెండేళ్ల టైం ఉండింది, పక్కపక్కనే కూర్చున్నాం, చెప్పలేదు. సిగ్గుగా ఉంది.

ఈ గురువారం మళ్లీ అదే ఫారం వచ్చింది. 'బాగుంది' పక్కన టిక్కులు చకచకా పడుతున్నాయి. నేను అన్నీ కొట్టేసి 'ఉక్కపోత' అని రాశాను. కింద నా పేరు రాశాను. వేసవి దగ్గరకొచ్చింది, ఏమవుతుందో తెలుసు. ఇంకో ఫ్యాను పంపినా సరే. వినాల్సిన మనిషి మాత్రం లేరు.

పాత ఫ్యాను కిటికీ నుంచి తలుపు దాకా తిరుగుతోంది. సార్ కుర్చీ మీద ఆయన తువ్వాలు ఇంకా అలాగే ఉంది. గాలి అటు వచ్చినప్పుడల్లా దాని కొస కొంచెం లేచి, మళ్లీ పడిపోతోంది.