దీదీల వరసలో గురువమ్మ

డైరీ ఫార్మ్ పేటలో ఉండే గురువమ్మ రోజూ పొద్దున్నే అన్నం క్యారేజీతో జెట్టీకి వస్తుంది. దీవులు చుట్టి చూపించే టూరిస్టు బోటులో ఆమె మొగుడు దానయ్య లస్కరు, తాళ్లు కట్టి విప్పే పనివాడు. ఎక్కే ఆడవాళ్లందరికీ "రండి దీదీ" అంటూ చెయ్యి అందిస్తాడు. తిరిగొచ్చినవాళ్లను ఏ దీవిలో ఏముందో గుచ్చి గుచ్చి అడిగే గురువమ్మ పెళ్లయిన ఈ ముప్పై ఏళ్లలో ఒక్క దీవీ చూడలేదు. జాలరి ఇంటి ఆడది పడవెక్కకూడదని దానయ్య పట్టు.

"మరీళ్లు ఆడోళ్లు కారేటి?"

"ఈళ్లు టూరిస్టులు గదే."

ఇవాళ పెట్టెలోని చీర కట్టుకుని ఆ దీదీల వరసలోనే చివర నిలబడింది. వంతు రాగానే ఖాళీ చెయ్యి చాపింది. దానయ్య ఆమె రెండో చేతిలోని క్యారేజీ అందుకుని, బోటు తాడు విప్పేశాడు. గురువమ్మ చాపిన చేతిని కొంగుకు తుడుచుకుని, సాయంత్రం దిగేవాళ్లను అడగడానికి మెట్ల మీద కూర్చుంది.