రెండో రెక్కలో ఎంత ఉంది

పద్మారాణి మా వాడ పిల్లే. తాండూరులో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉంటుంది. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే, "విమానంల పెట్రోల్ ఎంతుందో చూస్త" అంటుంది. విన్నవాళ్ళు నవ్వుతారు. మొదట్లో నేనూ నవ్వాను. తర్వాత నవ్వడం మానేసి అడగడం మొదలుపెట్టాను. నా చదువు నాలుగో తరగతితో ఆగింది గాని అడగడం ఆగలేదు. ఏ సంగతైనా సగమే తెలిస్తే ఆ పూట నాకు అన్నం సయించదు. ఆమెను అడిగి తెలుసుకున్నదీ, ఒక ఆదివారం నా కళ్ళతో చూసినదీ కలిపి ఇది రాస్తున్నాను.

ఆమె తండ్రి ఇమ్మానుయేలు పెద్దేముల్ పక్కన కంది చేలల్లో కూలి చేసినవాడు. పద్మారాణి ఇంటర్ అయ్యాక కొడంగల్ రోడ్డు మీద ఒక పెట్రోల్ బంకులో చేరింది. తొమ్మిదేళ్ళు అక్కడే చేసింది. బంకులో తెల్లారి మొదటి పని, భూమిలో ఉన్న ట్యాంకులోకి పొడుగాటి కడ్డీ దించి, అది ఎంతవరకు తడిసిందో చూసి, లోపల ఎంత నూనె ఉందో రాయడం. మిగతావాళ్ళు ఒకసారి దించి రాసేసేవారు. ఈమె మూడుసార్లు దించేది. మూడూ ఒకటి కాకపోతే నాలుగోసారి దించేది. వెనకాల లారీ డ్రైవర్లు హారన్ కొట్టినా సరే. వాళ్ళే ఆమెకు 'కడ్డీ పద్మ' అని పేరు పెట్టారు.

విజయ్‌కుమార్ సార్ ఆమెను అక్కడే చూశారు. ఆయన ముప్పై ఏళ్ళు విమానాలు నడిపి రిటైరైన మనిషి. వికారాబాద్ పోయే దారిలో ఆయనకు పొలం ఉంది. అందులో మొరం పోయించి రన్‌వే చేయించి, కావలసిన కాగితాలన్నీ తెచ్చుకుని, తనకంటే వయసులో పెద్దదైన చిన్న విమానాన్ని ఒకదాన్ని పెట్టుకున్నారు. అందులో పట్టేది ఇద్దరే. జీపుకు డీజిల్ కోసం బంకుకు వచ్చి, ఈమె నాలుగోసారి కడ్డీ దించేదాకా నిలబడి చూశారట. నెల తిరక్కుండా పద్మారాణి బంకు మానేసి ఆయన దగ్గర కుదిరింది.

ఆ విమానానికి రెక్కలు నెత్తి మీద ఉంటాయి. కుడి రెక్కలో ఒక ట్యాంకు, ఎడమ రెక్కలో ఒక ట్యాంకు, ఒక్కోదానిలో నలభై ఐదు లీటర్లు పడుతుంది. రెండింటినీ ఒక సన్నటి గొట్టం కలుపుతుంది. ఎంత మిగిలిందో చూపించడానికి లోపల ముళ్ళున్నాయి గాని, వాటిని సార్ ఎన్నడూ నమ్మరు. పాత ముల్లు, ఒక్కోసారి సగం దగ్గర పడుకుంటే లేవదు. రోడ్డు మీద బండి ఆగితే తోసుకుంటూ పోవచ్చు, ఇది ఆగితే ఎవరు తోస్తారని ఆయన మాట.

అందుకని పద్మారాణి ఒక కొలత కర్ర తయారుచేసింది. వారం పట్టింది. ట్యాంకులు రెండూ పూర్తిగా ఖాళీ చేసి, ఐదు లీటర్ల డబ్బాతో పోస్తూ, పోసినప్పుడల్లా కర్ర దించి, తడి ఆగినచోట కత్తితో గీత పెట్టింది. తడి స్పష్టంగా కనిపించాలని కర్రకు సుద్ద రాసేది. విమానం నేల మీద ముక్కు పైకెత్తి, తోక దించుకుని కూర్చుంటుంది, గాలిలో సాపుగా ఉంటుంది, మరి గీత దేనికి పెట్టాలని సార్‌ను అడిగింది. కొలిచేది నేల మీదే కాబట్టి నేల మీది కూర్చోబాటుకే పెట్టమన్నారు. రెండు ట్యాంకుల్లోనూ గీతలు ఒకేచోట పడ్డాయి. అందుకని అప్పటినుంచి ఒక్క ఎడమ రెక్కలోనే కర్ర దించి, వచ్చినదానికి రెండింతలు లెక్క వేసేది.

కర్రతో పాటు ఇంకో లెక్క కూడా ఉంది. ఇంజన్ గంటకు ఇరవై రెండు లీటర్లు తాగుతుంది. సార్ దిగగానే ఎన్ని నిమిషాలు ఎగిరారో చెబుతారు, ఆమె నోటుబుక్కులో రాసి, పోసినదానిలోంచి తీసేస్తుంది. రెండేళ్ళలో కర్రకూ బుక్కుకూ ఒకటి రెండు లీటర్లు తప్ప తేడా రాలేదు. రెండూ కలవని రోజు విమానం లేవకూడదని మొదటి రోజే సార్ ఆమెకు చెప్పారు.

మొన్న ఎండాకాలం దాకా విమానం మొరం నేల మీద టార్పాలిన్ కింద ఉండేది. తర్వాత రేకుల షెడ్డు కట్టించారు. కింద తాండూరు బండలు పరిచారు. పరిచింది కిష్టప్ప మేస్త్రి, దగ్గరుండి చేయించింది పద్మారాణి. షెడ్డు లోపల విమానాన్ని పెట్టాక కుడి రెక్కకూ గోడకూ మధ్య మూరన్నర సందే మిగిలింది. నిచ్చెన ఎడమ పక్కనే వేసేవారు. ఎలాగూ కర్ర దించేది ఆ పక్కనే కనుక ఎవరికీ ఇబ్బంది లేకపోయింది.

ఇక ఆ ఆదివారం సంగతి. సార్ మనవరాలు హాసిని పన్నెండేళ్ళ పిల్ల. పుట్టినరోజుకు హైదరాబాద్ నుంచి వచ్చింది. తాతతో కలిసి కొడంగల్ మీదుగా ఒక చుట్టు చుట్టి, మర్పల్లి దాకా పోయి రావాలని నెల ముందే మాట తీసుకుంది. గంటన్నర ప్రయాణం. సాయంత్రం మళ్ళీ వెళ్ళిపోవాలి. విమానం దగ్గరగా చూస్తానని ఎన్నాళ్ళనుంచో నసుగుతున్న నన్ను ఆ రోజే పద్మారాణి ఆటోలో ఎక్కించుకుని తీసుకుపోయింది.

షెడ్డులో నూనె డ్రమ్ము ఖాళీ. కొత్తది మంగళవారం గాని రాదు. బంకు పెట్రోల్ ఆ ముసలి ఇంజన్‌కు పడదట. అంటే రెక్కల్లో ఉన్నదే ఉన్నది. గంటన్నరకు ముప్పై మూడు, ముట్టకుండా ఉంచవలసిన మిగులు ఇంకో పదిహేడు, మొత్తం యాభై లీటర్లు కావాలి. పద్మారాణి నిచ్చెనెక్కి కర్ర దించింది. చూసుకుని మళ్ళీ దించింది. మూడోసారి కూడా దించి, దిగి, నోటుబుక్కు తీసింది. ఆమె మొహం చూసి నేను అడగబోయిన ప్రశ్న మింగేశాను.

"ఎంతుంది పద్మా?" అన్నారు సార్, విమానంలో కూర్చున్న హాసినికి బెల్టు సరిచేస్తూ.

"కర్ర యాభై రెండు అంటుంది సార్. బుక్కు ముప్పై తొమ్మిదే అంటుంది."

"అయితే యాభై రెండే. రెండేండ్ల సంది నీ కర్ర ఎన్నడన్న తప్పిందా? నిమిషాలు నేనే తప్పు చెప్పుంట."

ఆమె విమానంలోని సార్ సొంత పుస్తకం తెచ్చి చూపించింది. చివరిసారి ట్యాంకులు నిండా పోసినప్పటినుంచి నూట నలభై నిమిషాలు. అందులోనూ అంతే, ఆమె బుక్కులోనూ అంతే. సార్‌కు కొంచెం కోపం వచ్చింది. మధ్యాహ్నానికి గాలి లేస్తుంది, అప్పుడు పిల్లను తీసుకుపోలేరు.

"నీ కర్ర మీద నీకే నమ్మకం లేకపోతే నిన్నెందుకు పెట్టుకున్న నేను?"

"రెండు లెక్కలు కలువకుంటే లేపొద్దని మీరే చెప్పిండ్రు సార్. చక్రాల కింద చెక్కలు నేను తియ్య."

ఆ చెక్కలు తీయందే విమానం కదలదు. సార్ గడియారం చూసుకున్నారు.

"అరగంట టైమిస్తున్న. ఆ లోపల నీ కర్ర ఎందుకు తప్పో చూపియ్యి. లేకుంటే చెక్కలు నేనే తీస్త, రేపటి సంది నువ్వు రాకు."

హాసిని బెల్టు విప్పుకుని, దిగి, షెడ్డు గుమ్మంలో కూర్చుంది. సార్ బయట అటూ ఇటూ తిరిగారు. పద్మారాణి మొదట కర్రను చూసింది, కొస ఏమైనా విరిగిందా అని. విరగలేదు. కారుతుందేమో, కింద మరక ఉందా అని నేను అడిగాను. "కారితే తక్కువ చూపియ్యాలె పెద్దమ్మా. ఇది లేంది చూపిస్తుంది. లేని నూనె యాడికెళ్ళి వస్తది?" అంది. ట్యాంకు అడుగున నీళ్ళు చేరాయేమోనని కింది నల్లా తిప్పి సీసాలోకి పట్టింది. చుక్క నీరు లేదు. పదిహేను నిమిషాలు గడిచిపోయాయి. ఆమె చేతులు మోచేతుల దాకా సుద్దతో తెల్లగా ఉన్నాయి. బకెట్ దగ్గర వంగి, మగ్గుతో చేతులు కడుక్కుంది.

ఆ నీళ్ళు బండల మీద పడి, విమానం కింద నుంచి తిన్నగా పాక్కుంటూ, ఎడమ చక్రం దాటి, ఎడమ గోడ పక్క కాలువలోకి పోయాయి. మా అందరి వాకిళ్ళలోనూ నీళ్ళు అలాగే పోతాయి, కనుక నాకు వింతగా ఏమీ అనిపించలేదు. పద్మారాణి మాత్రం మగ్గు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇంకో మగ్గు పోసింది. అదీ అటే పోయింది.

"పెద్దమ్మా, వాలు నేనే పెట్టిపిచ్చిన," అంది.

నాకు అర్థం కాలేదని చూసి గబగబా చెప్పింది. మొరం నేల సాపుగా ఉండేది, రెండు రెక్కల్లో నూనె సమానంగా ఉండేది. ఈ బండల మీద విమానం ఎడమకు ఒరిగి ఉంది. కంటికి ఆనదు గాని ఒరిగి ఉంది. కుడి ట్యాంకులోది గొట్టంలోంచి మెల్లగా ఎడమకు దిగుతోంది. తాను నిండుగా ఉన్న రెక్కలో చూసి, దానికి రెండింతలు వేస్తోంది. షెడ్డులోకి వచ్చాక ప్రతిసారీ ట్యాంకులు నిండా పోసే లేపారు, రెండూ నిండుగా ఉంటే తేడా తెలియదు. డ్రమ్ము ఖాళీ అయింది ఈసారే.

కుడి పక్క నిచ్చెన పట్టదు. ఆమె ఖాళీ డ్రమ్మును దొర్లించుకొచ్చి, సందులో నిలబెట్టి, నన్ను పట్టుకోమని పైకెక్కింది. గోడకు వీపు రాసుకుంటూ మూత తీసింది. అప్పుడు దించకుండా ఆగి, సార్‌ను పిలిచింది.

"మీరే చూడుండ్రి సార్. నేను చెప్తే నా మాటయితది."

ఆమె కర్ర దించి, తీసి, గీతల వైపు చూడకుండానే కిందికి అందించింది. సార్ కళ్ళద్దాలు పెట్టుకుని తడి ఎక్కడ ఆగిందో చూశారు. పన్నెండు. ఎడమ రెక్కలో ఇరవై ఆరు. కలిపితే ముప్పై ఎనిమిది. గంటన్నర ఎగిరి వస్తే మిగిలేది ఐదు లీటర్లు. అంతలోనే గాలి ఎదురొస్తే అదీ మిగలదు. సార్ హాసిని వైపు ఒకసారి చూసి, కర్రను ఆమెకు తిరిగి ఇచ్చారు.

"ఎంతసేపు ఎగరొచ్చో నువ్వే చెప్పు పద్మా," అన్నారు.

ముందు సాపు నేల మీద మళ్ళీ కొలవాలంది. నలుగురం కలిసి విమానాన్ని బయటికి తోసి, పాత మొరం నేల మీద నిలబెట్టాం. కాసేపు ఆగి రెండు రెక్కల్లోనూ మూడేసిసార్లు దించింది. పంతొమ్మిది, పంతొమ్మిది. అప్పుడు, మిగులు పోను ఇంకొంత ఎగరొచ్చు గాని గాలి లేచేలోపల దిగాలి, అందుకని ఇరవై నిమిషాలు, ఒక్క నిమిషం ఎక్కువ కాకుండా, అంది. కొడంగల్ లేదు, మర్పల్లి లేదు. హాసిని ముక్కు చీదుకుంది గాని, తాత మారుమాట్లాడకుండా ఎక్కడం చూసి తానూ ఎక్కింది. పద్మారాణి వంగి చెక్కలు తీసింది. వాళ్ళు లేచినప్పటినుంచి దిగేదాకా ఆమె చేతి గడియారం మీంచి కళ్ళు తీయలేదు. పంతొమ్మిదో నిమిషంలో చక్రాలు నేలను తాకాయి.

మరుసటి రోజే కిష్టప్పను పిలిపించి, విమానం నిలబడే చోట బండలన్నీ లేపించి, సాపుగా వేయమంది. నలభై ఏళ్ళుగా బండలు పరుస్తున్నాడు, వాలు లేకుండా పరిచింది ఒక్కటి లేదు. అతను వాలు చూసే రసమట్టం పక్కన పెట్టి కూర్చున్నాడు.

"నువ్వే వాలు పెట్టమంటివి, నువ్వే తియ్యమంటున్నవు. కడిగిన నీళ్ళు యాడికి పోవాలె మరి?"

"యాడికీ పోవద్దు. గుడ్డ పెట్టి నేను తుడుస్త," అంది పద్మారాణి. ఆ తర్వాత కొడవలి తెచ్చి, కుడి గోడ పక్క సందులో పట్టేంత సన్నటి రెండో నిచ్చెన కోసం వెదురు చెక్కుతూ కూర్చుంది.