గోడ బయటి నల్లా

మా ఓనరమ్మ పోయారు. మొన్న శుక్రవారం పొద్దున నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే వాచ్‌మన్ వచ్చి చెప్పాడు. టిఫిన్ డబ్బా పట్టుకుని అలాగే మెట్ల మీద కూర్చుండిపోయాను.

చిక్కడపల్లిలో ఆమె పెంకుటింట్లో ఎనిమిదేళ్లు కిరాయికున్నాం. మాకు ఫ్రిజ్ వచ్చిన రోజు కొబ్బరికాయతో ముందుగా వచ్చింది ఆమే. ఎవరింట్లో కొత్త వస్తువు దిగినా ఆమెకు సంబరమే. సందుసందునా అపార్ట్‌మెంట్లు లేస్తున్నప్పుడు ఆ ఇల్లూ బిల్డర్‌కిచ్చారు. నేను బాధపడితే నవ్వారు.

"ఏందయ్యా, మన రెండు కుటుంబాలుండే జాగల పన్నెండు కుటుంబాలుంటయి. మంచిదే గద!"

అందులో ఒక ఫ్లాటు మేం కొనుక్కున్నాం, పై అంతస్తులో ఒకటి ఆమె ఉంచుకున్నారు. బిల్డర్‌కు ఆమె పెట్టిన షరతు ఒక్కటే: కాంపౌండ్ గోడకు బయటివైపు ఒక నల్లా ఉండాలి. బిల్డింగు కట్టిన పాలమూరు కూలీలు వెనక సందులో గుడిసెలేసుకున్నారు. వాళ్లు నీళ్లు తోడుకునే పాత బావి మా పునాదుల కింద పూడిపోయింది.

తర్వాతి ఎండాకాలం బోరు తగ్గింది. అసోసియేషన్ సెక్రటరీని కదా, బయటి నల్లాకు తాళం వేయించాను. ఒక కూలామె ఖాళీ బిందెతో వచ్చి బతిమాలినా వినలేదు. సాయంత్రం మీటింగులో "మనందరి మంచికేనమ్మా" అన్నాను.

"అందరంటే ఎవరు సెక్రటరీ సాబ్? గోడ లోపలోల్లేనా?" అన్నారు ఓనరమ్మ. "నీళ్లు తక్కువున్నయని నాకెరుకే. మనకు రెండు పూటలొస్తున్నయి. ఒక పూట తగ్గిద్దాం, వాల్లకు గంటసేపు ఇడువుండ్రి."

ఎవరూ ఒప్పుకోలేదు. మర్నాటి నుంచి ఆమె తన వంటింట్లో పట్టిన బిందెలను, ఆ మోకాళ్ల నొప్పులతోనే మెట్లు దిగి, ఒక్కొక్కటే గేటు బయట పెట్టసాగారు. నాలుగో రోజు నాకు సిగ్గేసి తాళం తీశాను. ఒక పూట నీళ్లు తగ్గినందుకు ఇంట్లో చీవాట్లు తిన్నాను. ఆమె నన్ను ఒక్క మాట దెప్పలేదు. సాయంత్రం వేడివేడి సర్వపిండి పంపారు.

శుక్రవారం మధ్యాహ్నం శ్మశానం నుంచి తిరిగొచ్చాం. కాళ్లు కడుక్కోనిదే లోపలికి వెళ్లకూడదు, బయటున్నది ఆ ఒక్క నల్లానే. ఫ్లాట్ల మగవాళ్లం, పాడె వెంట నడిచిన కూలీలు, అందరం ఒకే వరసలో నిలబడ్డాం. నల్లా దగ్గర, ఆ రోజు నేను వట్టి బిందెతో తిప్పి పంపిన ఆమే బకెట్లోంచి చెంబుతో ముంచి అందరి కాళ్ల మీదా నీళ్లు పోస్తోంది. నా వంతు వచ్చింది. ఏడుపు ఆపుకోలేక తల దించుకుని నాలుగు చుక్కలు పడగానే జరగబోయాను.

"ఆగుండ్రి సార్," అందామె. "మడిమలు తడవలే. జర ఎనుకకు తిరుగుండ్రి."

తిరిగి నిలబడ్డాను. ఆమె మళ్లీ ముంచి పోసింది.